రాగి ఊరికి కంచు పతకం

కప్పు పోగొట్టింది గోల్‌కీపర్ సిముకొండా. అందులో రెండో మాట లేదు.

ముఫులీరా రాగి గనిలో పనిచేసి దిగిపోయిన కపంబ్వే, భార్య బ్రిజిటా బతికినన్నాళ్ళూ ఈ సంగతే చెప్పాడు. ఆఫ్రికా కప్పు సెమీఫైనల్లో ఆ వెధవ కాళ్ళ సందులోంచి బంతి వదిలాడు. తర్వాత మూడో స్థానం ఆట గెలిస్తే ఎవడిక్కావాలి? రాగి తవ్వే ఊరికి కంచు తెచ్చాడు.

విమానాశ్రయంలో జట్టు మీద పడ్డ మొదటి రాయి తనదేనని కూడా చెప్పుకునేవాడు.

బ్రిజిటా వినేది. వింటూనే తన పని చేసుకునేది.

ఇప్పుడు ఆమె పోయింది.

ఆమెది మేక వంశం. మేకలు పోతే చిరుత వంశం వాళ్ళు గొయ్యి తవ్వాలి. తవ్వుతూ వాళ్ళు ఎంత వెక్కిరించినా మేకలవైపు వాళ్ళు నొచ్చుకోకూడదు.

పేటలో మిగిలిన చిరుతలు ముగ్గురే. ముగ్గురూ ముసలివాళ్ళు. మోకాలి లోతుకే రాతిపొర తగిలిందని కబురొచ్చింది. పడమట మబ్బు దిగుతోంది. ఆలస్యమైతే బ్రిజిటాను బురదనీళ్ళలో దించాలి.

భర్త గొయ్యి దరిదాపులకు పోకూడదు. కపంబ్వే పోయాడు.

గోతిలో నాలుగో మనిషి కనిపించాడు. పొడుగ్గా ఉన్నాడు. వయసు మళ్ళినవాడే. గునపం ఎత్తి వేస్తుంటే రాయి పెళ్ళలుగా లేస్తోంది.

"ఏ ఊరి చిరుతవి?"

"ఇసోకా నించొచ్చా బావా. పక్కకి జరుగు, మట్టి పడుద్ది."

"తొందరగా కానీ. వాన ముంచుకొస్తోంది."

"మేకకి ఇంత లోతెందుకు బావా? మా ఇళ్ళల్లో అయితే పొయ్యి మీదికే పంపుతాం."

ముసలి చిరుతలు పళ్ళికిలించారు. కపంబ్వే ఊరుకోలేదు.

"నోరు కాదు, చెయ్యాడించు. గునపం జారేట్టుంది. సిముకొండాగాడి చేతులూ నీ చేతులూ ఒకటే."

ఆ మనిషి గునపం ఆపాడు.

"నేనే వాణ్ణి బావా."

అందరూ ఘొల్లుమన్నారు. గోతి దగ్గర చిరుతలు ఏమైనా అంటారు.

"వాడు సిముకొండా అయితే ఆ ఆటకి రిఫరీని నేనే!" అన్నాడు పెద్ద చిరుత ముతాలె.

భార్య పోయాక కపంబ్వే మొదటిసారి నవ్వింది అప్పుడే.

"సరే, చెప్పరా గోల్‌కీపరూ. మూడో స్థానం ఎట్లా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది. రెండోవాడు ఓడి ఇంటికి పోతాడు. మూడోవాడు గెలిచి పోతాడు."

"గెలిచి రాళ్ళు తినడానికా?"

"రాళ్ళు తిన్నా. నీ పెళ్ళాం ఒంటికి చుట్టుకునే చితెంగె గుడ్డ కూడా కట్టుకున్నా."

మళ్ళీ నవ్వులు. కపంబ్వే మట్టిబెడ్డ తీసి అతని మీదికి విసిరాడు.

"చిరుతకి చితెంగె ఎందుకురా?"

"ప్రాణం మీదికొస్తే ఏదైనా కట్టుకుంటాం బావా," అని అతను మళ్ళీ గునపం ఎత్తాడు.

రాతిపొర విరిగింది. బ్రిజిటాను పొడి మట్టిలోనే దించారు. చివరి పారమన్ను సర్దుతుండగా చినుకులు మొదలయ్యాయి.

ఇంటి దగ్గర తవ్వినవాళ్ళకి మొక్కజొన్న పిండి న్షీమా ముద్దలు వడ్డించారు. ఒక పళ్ళెం మిగిలిపోయింది.

"మీ ఇసోకా వాడేడి?" అన్నాడు కపంబ్వే. "అంత పనిచేసి తినకుండా పోతాడా? పిలవండి."

ముతాలె ముద్ద ఆపాడు. "మావాడెక్కడ? మీరు పంపారనుకున్నాం."

బ్రిజిటా చెల్లెలు ఎస్నత్ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"రేడియోలో చావు కబురు విని వచ్చుంటాడు బావా."

"నువ్వెరుగుదువా?"

"విమానాశ్రయంలో మీరంతా రాళ్ళు వేస్తుంటే, అక్క ఒంటి మీది చితెంగె విప్పి ఒక ఆటగాడికి తలమీదుగా చుట్టింది. ముసలమ్మని నడిపించినట్టు గుంపులోంచి దాటించింది. నేను పక్కనే ఉన్నా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఏ ఆటగాడికి?"

"కాళ్ళ సందులోంచి బంతి వదిలినవాడికి."

కపంబ్వే గుమ్మంలోకి వెళ్ళి చూశాడు. వానలో దారి మీద ఎవరూ లేరు.

ఇటు తిరిగాడు.

"వాడు ఆ బంతి వదలకుండా ఉండాల్సింది," అన్నాడు. "ఇంక ఆ మాట నా దగ్గర ఎవరూ ఎత్తకండి. నేనూ ఎత్తను."