కారు ప్రైమర్

మరొకత్తె కోసం తనను వదిలేసిన ఎస్కిల్, నార్వేలోని బెర్గెన్‌లో గుడ్రున్ నడిపే బొమ్మ ఓడల దుకాణంలోకి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"ప్లాస్టిక్ ఓడకు రంగు వెయ్యాలి. ముందు ఏ ప్రైమర్ కొట్టాలి? నువ్వు చెప్పిందే తీసుకుంటా."

"ఆవిడగారి ముచ్చటకా?"

అతను అరల్లోని డబ్బాల వైపు తిరిగాడు. గుడ్రున్ కార్లకు కొట్టే ప్రైమర్ డబ్బా తెచ్చిచ్చింది. అది ప్లాస్టిక్‌ను కరిగించేస్తుందని ఆమెకు తెలుసు.

"దట్టంగా కొట్టు," అంది నవ్వుతూ. అతను వెళ్ళాక కూనిరాగం తీసింది.

శనివారం ఎస్కిల్ మళ్ళీ వచ్చి, ముడుచుకుపోయిన ఓడను బల్ల మీద పెట్టాడు.

"మనింటి అటక మీద దొరికింది. మీ నాన్న చివరగా అతికించిన ఓడ. రంగేసి నీకిద్దామనుకున్నా. నాకే కొట్టడం చేతకాలేదు గుడ్రున్, క్షమించు."

ఎండిన జిగురులో పడ్డ నాన్న వేలిముద్ర సగమే మిగిలింది.