ఆఖరి రోజు

"పరిగెత్తరా, ఇవాళే ఆఖరి రోజు!" అన్నాడు ఆంబ్రోస్. ఆ అలబామా జైల్లో తోటి ఖైదీల అర్జీలన్నీ రాసేది ఈ ముసలి ఖైదీయే.

చెయ్యని హత్యకు శిక్ష పడ్డ డెషాన్, భోజనం వదిలేసి పరిగెత్తాడు. అర్జీ గార్డు చేతికిచ్చి తారీఖు వేయించుకున్నాడు; ఖైదీ గార్డుకిచ్చిన రోజే కోర్టుకిచ్చినట్టు లెక్క. ఫెడరల్ కోర్టుకు న్యాయం కన్నా తారీఖే ముద్దు. రాష్ట్ర కోర్టుల్లో అప్పీళ్లు ముగిశాక ఇచ్చే ఏడాది గడువు ఒక్క రోజు దాటినా తలుపు తియ్యదు.

తిరిగొచ్చి క్యాలెండర్ చూసుకున్నాడు.

"అబద్ధాలకోరు తాతా! ఇంకా నలభై రోజులున్నాయిగా. నా కోడి ముక్క పోయింది!"

"బద్ధకస్తులకు నా దగ్గర ఇవాళే ఆఖరి రోజు."

"మరి నీ అర్జీకీ ఇలాగే పరిగెత్తావా?"

"తొందరేం లేదన్నాడు నా వకీలు. ఒక్క రోజు లెక్క తప్పాడు." ఆంబ్రోస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "తప్పు వకీలుదేనని జడ్జిగారూ ఒప్పుకున్నారు. యావజ్జీవం మాత్రం నాకే ఉంచారు."