బావమరిదితో తొలి రేసు

“ఇవాళ మీరు ఓడిపోవాలి,” అంది ఫిజా, హెల్మెట్ అద్దాన్ని చున్నీ అంచుతో తుడుస్తూ.

షఫీక్ నవ్వాడు. పెళ్లయిన ఈ మూడు నెలల్లో భార్య ఏది అడిగినా కాదనడానికి అతనికి నోరు రాలేదు. కానీ ఇది మరీ పెద్ద కోరిక.

“ఎవరి చేతిలో?”

“మా వాసిం చేతిలో. వాడికిదే మొదటిసారి. మీకంటే వెనకబడితే వాడి స్నేహితులు ఏడాదంతా ఏడిపిస్తారు. చిన్నపిల్లాడండీ.”

“ఇంజినీరింగ్ పాసైన చిన్నపిల్లాడు. నాకూ ఇదే మొదటిసారి కదా.”

“మీరు పెద్దవారు, తట్టుకుంటారు.” ఫిజా అతని చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. “నా మీద ఒట్టెయ్యండి.”

పర్చూరు బయట మూతపడిన స్పిన్నింగ్ మిల్లు ఆవరణలో, రేసుకి కొత్తవాళ్ల కోసం కార్ల క్లబ్బు వాళ్లు పెట్టిన పోటీ అది. నారింజ రంగు ప్లాస్టిక్ కోన్ల మధ్య మెలికలు తిరిగే దారి. ఒకరి తర్వాత ఒకరు, తలా రెండుసార్లు నడపాలి. రెండు సమయాలూ కలిపి లెక్కిస్తారు. కోన్‌కి తగిలితే అదనంగా సెకన్లు పడతాయి. మొదట వచ్చినవాళ్లకి చెన్నై ట్రాక్ మీద అసలు సిసలు రేసు కారులో ఒక రోజు శిక్షణ.

ఆ ఒక్క రోజు కోసం షఫీక్ ఎన్నాళ్లుగా కలలు కంటున్నాడో అతనికే తెలుసు. అద్దంకి రోడ్డు మీద పత్తి ట్రాక్టరు వెనక స్కూటరుతో నత్తనడక నడుస్తున్నప్పుడు కూడా, మనసులో మాత్రం రేసు కారే తోలేవాడు. చివరికి ఒక పాత కారు కొని, వెనక సీటు పీకి, టైర్లు మార్చాడు. బావకీ బావమరిదికీ కలిపి అదొక్కటే కారు. నెల రోజులు కోల్డ్ స్టోరేజీ వెనక ఖాళీ జాగాలో ఇద్దరూ పోటాపోటీగా సాధన చేశారు.

ఫిజా మొదట్లో ససేమిరా అంది. కారు అరవై దాటితే కళ్లు మూసుకునే మనిషి. అలిగింది, అన్నం మానేసింది. అలాంటిది వారం కిందట ఉన్నట్టుండి “సరే, వెళ్లండి” అంది. ఆ మాటకే ఇప్పటికీ గాల్లో తేలుతున్న షఫీక్, చెన్నై ట్రాక్‌కి మనసులోనే సలాం చెప్పి ఒట్టేశాడు.

ముందు వాసిం బయల్దేరాడు. షఫీక్ తెల్లబోయాడు. సాధనలో మలుపు మలుపుకీ దుమ్ము లేపిన కుర్రాడు, ఇప్పుడు పెళ్లికూతుర్ని ఊరేగిస్తున్నట్టు నడుపుతున్నాడు.

మైకు చేతిలో ఉన్న జయరావు ఊరుకుంటాడా. “వాసిం గారూ, చీకటి పడేలోపు మేం ఇళ్లకి పోవాలండీ.”

జనాన్ని చూసి బెదిరాడు పాపం, అనుకున్నాడు షఫీక్. అంతలోనే అసలు చిక్కు తట్టింది. ఇంత నెమ్మదిగా నడిపినవాడి కంటే ఇంకా నెమ్మదిగా నడపడం ఎలా?

అతని వంతు వచ్చింది. ఇంజను రెండో గేరు కోసం మూలుగుతుంటే మొదటి గేరులోనే తోలాడు. కుడికాలు దురద పెట్టింది. చివరి మలుపులో ఒక కోన్‌ని కావాలనే రాసుకుంటూ పోయాడు. గట్టు మీద ఫిజా చేతులెత్తి చప్పట్లు కొడుతోంది.

“ఒరేయ్, మన మిర్చి బస్తాల ట్రాక్టరు తెచ్చినా పోయేదిరా,” అన్నాడు చూడ్డానికొచ్చిన రైతొకాయన. జనం గొల్లుమన్నారు.

కారు దిగీదిగగానే వాసిం మీదికొచ్చాడు. “ఏంటి బావా, అలా నడిపారు?”

“ముందు నీకేమైందో చెప్పరా. భయపడకు. బ్రేకు మీంచి కాలు తీసెయ్.”

“నా సంగతి వదిలెయ్యండి. కారు మీది, మీరు తొక్కండి.”

రెండోసారి వాసిం మూడు కోన్లు పడగొట్టాడు. షఫీక్ నాలుగు పడగొట్టి, ఐదోదాని కోసం కాస్త పక్కకి కూడా పోయొచ్చాడు. జయరావు మైకు పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు, నవ్వలేక.

దర్శి నుంచి వచ్చిన జ్యోతిర్మయి అనే లెక్చరర్ మొదటి బహుమతి కొట్టేసింది. అట్టడుగున షఫీక్. అతనికి ఒక్క మెట్టు పైన వాసిం.

ఫిజా పరుగున వచ్చి ఇద్దరి మొహాలూ చున్నీతో తుడిచింది. కప్పు గెలిచినవాళ్ల ఇంటివాళ్లు కూడా అంత సంబరపడి ఉండరు. గోలీసోడాలు తెస్తానని బండి దగ్గరికి పరిగెత్తింది. ఆ పరుగులో ఉత్సాహం చూస్తుంటే షఫీక్‌కి కడుపు నిండిపోయింది. చెన్నై ఎక్కడికి పోతుంది? మళ్లీ పోటీ పెట్టకపోతారా, తను మళ్లీ రాకపోతాడా?

బానెట్ మీద కూర్చున్న వాసిం మాత్రం తల వేలాడేశాడు.

“ఏరా ఆ మొహం? నామీద గెలిచావుగా.”

“అదే కదా నా బాధ. కొత్త అల్లుణ్ణి ఓడించాను. అక్కకి మొహం ఎలా చూపించను?”

“నీకెందుకురా ఆ దిగులు? అటు చూడు, ఎలా నవ్వుతోందో.”

వాసిం సోడా బండి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మీ చేతిలో ఓడిపోతానని నాతో ఒట్టేయించుకుంది బావా.”