అమావాస్య వెళ్ళాక వెయ్యాల్సిన మందు

తల్లి కంట్లో మొదటి చుక్క వేసే వేళకు, గంగులయ్య వాకిట్లో ఒంటికన్ను మనిషి వచ్చి నిలబడ్డాడు.

ఎడమ కంటికి మురికిగుడ్డ కట్టుకున్నాడు. చంకన జోలె. మోకాళ్ళదాకా బురద.

దేవుడి గూట్లోంచి తీసిన మందుసీసా గంగులయ్య చేతిలోనే ఆగిపోయింది.

అల్లూరు బడిలో కంటి క్యాంపు పెట్టినప్పుడు అతని తల్లి పిచ్చమ్మకు శుక్లం కోశారు. వారం రోజులు కళ్ళకు కట్టు కట్టి అక్కడే పడుకోబెట్టుకున్నారు. తోడు ఎవరినీ రానివ్వలేదు. పంపేటప్పుడు ఈ సీసా ఇచ్చారు.

మందు కొత్తదట. ఓడ మీద సీమ నుంచి వచ్చిందట. ముందుగా పన్నెండుమందికే ఇచ్చి చూస్తున్నామనీ, ఎవరికెలా పనిచేసిందో నెల తర్వాత వచ్చి రాసుకుంటామనీ డాక్టరు చెప్పాడు. ఒక్కో సీసాకూ పేరు రాసిన చీటీ అంటించారు. బిరడా మీద లక్క పోసి ఉంది.

ఇంటికి పోయిన రోజు నుంచే వెయ్యమన్నారు. గంగులయ్య వెయ్యలేదు. అమావాస్య ముందర కొత్త మందు మొదలుపెట్టడం ఆ ఇంట్లో లేదు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. సీసాకు కుంకుమబొట్టు పెట్టి, పెంచలకోన స్వామి పటం ముందు ఉంచాడు.

నిన్న అమావాస్య వెళ్ళింది. ఈ పొద్దున పిచ్చమ్మను పెరట్లో పీట మీద తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. మందు వేసేటప్పుడే విప్పమన్న కట్టు కళ్ళకు ఇంకా ఉంది. ఆమె చేతులు జోడించి కూర్చుంది.

“మందు వేసినారా?” అడిగాడు వాకిట్లో మనిషి.

“ఎవురయ్యా నువ్వు?”

“వెయ్యబాకండి. ఆ సీసా నాకిచ్చేయండి.”

“డాక్టరు పంపినాడా?”

“లేదు.”

“మరి ఎవురు పంపినారు?”

“ఎవురూ పంపలా.”

గంగులయ్య బావమరిది చెంగయ్య అప్పుడే లోపలినుంచి వచ్చాడు. అతను నిన్న మనుబోలు నుంచి ఒక కబురు తెచ్చాడు. ఒంటికన్నువాడొకడు క్యాంపుకు పోయొచ్చిన ఇళ్ళకే వెళ్ళి మందు అడుగుతున్నాడట. ఇవ్వకపోతే ఎత్తుకుపోతున్నాడట. మద్రాసులో అమ్ముకుంటాడని అక్కడ అందరూ అనుకుంటున్నారట.

చెంగయ్య జోలె పట్టుకుని గుంజాడు. లోపల సీసాలు గలగలలాడాయి.

“ముసలోళ్ళ చూపు అమ్ముకుని ఏం తింటావురా?”

“ఎత్తకొచ్చిన మాట నిజమేనయ్యా. అడిగితే ఇయ్యలా. ముందు నా కన్ను చూడండి, ఆ తర్వాత కొట్టండి,” అంటూ అతను గుడ్డ ముడి విప్పబోయాడు.

మంచి గడియ. చేతిలో మందు. ఎదురుగా గుడ్డికన్ను.

“చూడబాకండి, అపశకునం,” అని గంగులయ్య భార్య వెంకటశేషమ్మ లోపలినుంచి అరిచింది.

చెంగయ్య అతన్ని నోటి మీద కొట్టాడు. రెండు పళ్ళు ముగ్గు మీద పడ్డాయి. నోటినిండా నెత్తురు. ఆ తర్వాత అతను అన్నది ఎవరికీ అర్థం కాలేదు.

వీధిలోవాళ్ళు చేరారు. ఎవరి చేతికి అందింది వాళ్ళు తీసుకున్నారు. ఒకడు తెడ్డుతో వీపు మీద కొట్టాడు. ఒకడు కడుపులో తన్నాడు. ఎందుకు కొడుతున్నామని అడిగినవాడు లేడు. దొంగ అన్న ఒక్క మాట చాలింది.

అతను తల కాచుకోలేదు. పాకుతూ వచ్చి గంగులయ్య చేతిలోని సీసా లాక్కున్నాడు. పిడికిట్లో బిగించాడు.

చెంగయ్య ఆ చేతిని మడమతో తొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. పిడికిలి విచ్చుకోలేదు. లోపల సీసా పగిలింది. మందు, నెత్తురు కలిసి మట్టిలోకి కారాయి.

స్వామి దగ్గర పెట్టిన సీసా అది. గంగులయ్య గోడకు ఆనించిన, ఎద్దుల్ని అదిలించే ములుకర్ర అందుకున్నాడు. తల మీద కొట్టాడు. ఒక్కసారి కాదు.

మనిషి కదలడం మానేశాక జనం పల్చబడ్డారు. చెంగయ్య కూడా కనపడలేదు.

గంగులయ్య చేతులు కడుక్కుని పటం ముందు నిలబడ్డాడు. ఇది నీకు సమ్మతమేనా స్వామీ అని అడగాలనిపించింది. అడగలేదు.

పెరట్లోంచి తల్లి పిలిచింది. ఏంది నాయనా ఆ గోల అని అడిగింది. దొంగ వచ్చి మందు పగలగొట్టినాడని చెప్పాడు. వాడు ఏమయ్యాడో చెప్పలేదు.

పిచ్చమ్మ జోడించిన చేతులు విడదీసింది.

“పోతే పోనీలే నాయనా. బళ్ళో నా పక్క చాపమీద సమాధానం అని ఒకాయన ఉన్నాడు. కిరస్తానమాయన. మంచోడు. ఆయన్ని అడుగు, తన సీసాలోంచి రెండు చుక్కలు పోస్తాడు.”

“నిన్నటిదాకా అమావాస్య గదా, ఆయన మాత్రం సీసా తెరిచి ఉంటాడా?”

“వాళ్ళకి తిథీ వారం పట్టింపు లేదంట. ఇంటికి పోంగానే వేసుకుంటా అక్కా అన్నాడు. మా కళ్ళకి కట్లు గదా, పొద్దు పోక మాట్లాడుకుంటా పడుకునేవోళ్ళం. పన్నెండుమంది పేర్లూ ఊర్లూ అప్పజెప్పేవాడు. చూపు రాంగానే అందరిళ్ళకీ వచ్చి మొగాలు చూసి పోతాడంట.”

గంగులయ్య వాకిట్లోకి వచ్చాడు. జోలె ముగ్గులోనే పడి ఉంది. గొంతుక్కూర్చుని సీసాలు ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా పెట్టాడు. పదకొండు.

అతనికి కూడబలుక్కుని చదవడం వచ్చు.

పది సీసాల మీద పది ఊళ్ళవాళ్ళ పేర్లున్నాయి, వాటి లక్క ఊడలేదు. లక్క ఊడి సగం ఖాళీ అయిన ఒక్కదాని మీద మాత్రం సమాధానం అని రాసి ఉంది.