ఏడో అధ్యాయంలో గేటు

ప్రూఫులు చూడమని ఇస్తే కామా మాస్టారు మీసాలు తీసేశారు.

తనవి కాదు, నవలలో గేటు కాపలావాడివి.

మాస్టారికి డెబ్బై అయిదేళ్లు. ఎర్రకలం పట్టుకున్నారంటే ఈకకు ఈక, తోకకు తోక పీకేస్తారు. ఎవరైనా శుభలేఖ ఇస్తే, దిద్ది తిరిగిచ్చేస్తారని ప్రెస్సులో ప్రతీతి.

రచయిత్రికి ఇది మొదటి పుస్తకం. పిల్లల కోసం రాసిన సాహసగాథ, ఇదే ఊళ్లో యాభై ఆరేళ్ల కిందట జరిగింది. అప్పట్లో ఊరిచుట్టూ గోడ, గోడకు ఒకటే గేటు. బయట పల్లంలో, ఏటి ఒడ్డున నీలిమందు అద్దకంవాళ్లు ఉండేవారు. వాళ్లు రంగేసిన బట్టలు ఊరందరికీ కావాలి. సాయంత్రం గంట కొట్టాక మాత్రం వాళ్ల నీడ కూడా గిట్టదు. గేటు దగ్గర చేతులు చూసేవారు. నీలంగా ఉంటే బయటికే. ఎంత తోమినా వదిలే రంగు కాదది.

ఏడో అధ్యాయంలో ఏరు పొంగుతుంది. నీలిచేతుల పిల్ల తమ్ముణ్ణి వీపున కట్టుకుని ఈదుకుంటూ గేటు దగ్గరికొస్తుంది. వెనకాల నలభై మంది. గంట అప్పటికే కొట్టేశారు. బుర్రమీసాల కాపలావాడు గర్జిస్తాడు. చివరికి పసివాడి ఏడుపు విని, మనసు కరిగి గేటు తీస్తాడు.

అది చదివి పబ్లిషరు గారు కళ్లు తుడుచుకున్నారు. మామూలుగా ఆయన కాగితం ధర విన్నప్పుడే ఏడుస్తారు.

అలాంటి అధ్యాయం నిండా ఎర్రగీతలు! మర్నాడే అచ్చుకెళ్లాలి. రచయిత్రి ప్రూఫులు చంకలో పెట్టుకుని ప్రెస్సుకి పరుగెత్తింది.

“మీసాల్లేని విలనేంటి మాస్టారూ? పిల్లలు భయపడొద్దూ?”

“భయపడాలనే తీసేశానమ్మా. మీసాలుంటే ఎవడో రాక్షసుడులే అనుకుంటారు. వాడికి పందొమ్మిదేళ్లు. పక్కింటి అన్నయ్యలా ఉండేవాడు.”

మీసాలు పోయాయి.

“గర్జించాడని రాశావు. గర్జించలేదు. ‘పొద్దున్నే రండి’ అన్నాడు. మెల్లగానే అన్నాడు.”

ఇవన్నీ ఈయనకెలా తెలుసు? రచయిత్రి ఆయన వేళ్లవైపు చూసింది. ఎర్రసిరా మరకలు. ఒకప్పుడు వాటి మీద ఇంకో రంగు ఉండేదేమో. ఆమె మనసు చివుక్కుమంది. అడగడానికి నోరు రాక, గర్జన కూడా కొట్టేసింది.

తర్వాతి పేజీ తిప్పేసరికి ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది. గేటు తెరిచే పేరా మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన ఒకే మాట: “తెరవలేదు.”

“ఇది మాత్రం వదలను. నవల నాది. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?”

అన్నాక నాలుక కరుచుకుంది. మాస్టారు కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“రేపిది అచ్చయితే, చదివిన ప్రతి పిల్లా ఆ గేటు తెరిచారనే అనుకుంటుంది తల్లీ. పొద్దున తీసేసరికి బయట పదకొండు మందే మిగిలారు.”

నలభై మందికి పదకొండు. రచయిత్రి కొట్టేసిన పేరా మళ్లీ చదివింది. పిల్లలు హాయిగా నిద్రపోవాలని తనే ఆ గేటు తెరిచింది. తనకూ హాయిగానే ఉంది మరి, ఇప్పటిదాకా.

మాస్టారి బల్ల దగ్గరే కూర్చుని, ముక్కు చీదుకుంటూ, రెండు గంటల్లో ఆ పేజీలు తిరగరాసింది. పిల్ల తమ్ముడితో సహా గోడ పగుళ్లు పట్టుకుని పైకి పాకింది. గేటు మాత్రం తెరుచుకోలేదు. మాస్టారు చదివి ఒక్క కామా పెట్టారు. ఆయన లెక్కలో అది సన్మానం కిందే లెక్క.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే మొదటి పేజీ తీసి, ఖాళీగా ఉన్నచోట అంకితం రాసి ఆయన ముందుకు తోసింది.

‘ఆ సాయంత్రం గేటు బయట నిలబడి, ఈ కథని అబద్ధం కాకుండా కాపాడిన మా మాస్టారికి.’

మాస్టారు చాలాసేపు చదివారు. చిన్న వాక్యానికి అంత సేపా అనిపించింది ఆమెకు. ఆయన ఎర్రకలం మూత తీసి ‘బయట’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు.

“అయ్యో రామా! అంకితంలో కూడా తప్పేనా మాస్టారూ?” రచయిత్రి నవ్వేసింది.

“తప్పేనమ్మా, నేను నిలబడింది లోపల, తాళంచెవి నా చేతిలోనే ఉంది.”