ముందు పార్కు

లేదంటే నమ్మదు, అవునంటే బతకనివ్వదు. ఏం చెప్పాలో తేల్చుకునేలోపే భార్య అతని కోటు జేబును తిరగేసింది. గోధుమరంగు పొడి నేలమీద రాలింది.

"మళ్ళీ మొదలుపెట్టారు కదూ?"

"లేదంటున్నా కదే."

"మరి ఈ కంపేంటి?"

"సిగరెట్ల కంపెనీలో పనిచేసేవాడి జేబు అత్తరు వాసన కొడుతుందా?"

"వెటకారం ఆపండి. డాక్టరు అన్నమాట మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు. ఇంకోసారి ఈ పొడి కనబడిందో, మా అన్నయ్య ఇంటికి పోతా."

అతను కోటు దులుపుకుని బయటపడ్డాడు. దాచింది ఒకటున్న మాట నిజమే. మానేద్దామని రోజూ అనుకుంటాడు. చుట్టూ ఎవరూ లేరని తెలిస్తే చాలు, చెయ్యి అతన్ని అడగదు. అది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ ఉండిపోతాడు. ఆ తర్వాత కాసేపు ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో! ఈ సంగతి భార్యకెలా చెప్పడం? తిడితే పడతాడు. నవ్విందంటే మాత్రం తట్టుకోలేడు.

కంపెనీలో అతను పర్యావరణ అధికారి. రోడ్డుకు అటొకటి, ఇటొకటి రెండు పార్కుల్ని కంపెనీ దత్తత తీసుకుంది. ఒకదాంట్లో 'మేము రాకముందు' అని బోర్డు. రెండోదాంట్లో 'మేము వచ్చాక'. 'వచ్చాక' పార్కు ఊడవడానికి మనుషులున్నారు. 'రాకముందు' పార్కులో సిగరెట్ పీకలు చల్లడం ఇతని బాధ్యత. సాయంత్రం సంచి విప్పి చల్లిపోతాడు. మర్నాడు బాసు వచ్చేసరికి అందులో సగం ఉండవు.

ఆ పొద్దున కూడా అంతే. బాసు కారు దిగి, నవనవలాడుతున్న గడ్డిని చూసి తల పట్టుకున్నాడు.

"కాసేపట్లో అవార్డువాళ్ళు వస్తున్నారు. ముందే ఇంత శుభ్రంగా ఉంటే తర్వాత మనం ఉద్ధరించిందేంటయ్యా? అవార్డు పోయిందంటే నీ ఉద్యోగమూ పోయినట్టే."

వాచ్‌మన్ తాతను పిలిచారు.

"నువ్వుండగానే పీకలెవడు ఎత్తుకుపోతున్నాడు?"

"ఎవరూ రారు సార్. తెల్లారగానే ఈ సారొస్తారు. పిట్టలొస్తాయి. అంతే."

"పిట్టలా!" బాసు ముఖం వెలిగిపోయింది. "గూళ్ళు కట్టుకుంటున్నాయేమో. మన పీకల్ని నమ్ముకుని పిట్టలు కాపురాలు చేసుకుంటున్నాయని చెబుదాం. జీవవైవిధ్యం కింద ఇంకో అవార్డు అడగొచ్చు."

"అలాగే సార్."

"ముందు వాటిని తరిమేయించు."

తాత రేకుడబ్బా మోగిస్తూ పిట్టల వెంటపడ్డాడు. అతను కొత్త సంచి విప్పాడు.

"సహజంగా పడాలయ్యా. నారు నాటినట్టు వరసలేంటి? ఆ బెంచీ కింద ఇంకో గుప్పెడు వెయ్. ప్రేమికులు అక్కడ కూర్చుని విడిపోయినట్టు ఉండాలి."

అతను ప్రేమికుల్ని విడదీశాడు.

అవార్డువాళ్ళు ముక్కులు మూసుకుని లోపలికొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది.

"ఛీ ఛీ, ఎంత ఘోరం!"

"అంతా మీ అభిమానం మేడమ్," అన్నాడు బాసు, చేతులు కట్టుకుని.

"ఇంత చెత్తలో మీరసలు మొదటి అడుగు ఎలా వేశారు?"

"మా అధికారి చెబుతారు."

అందరూ అతనివైపు తిరిగారు. బట్టీపట్టిన ఉపన్యాసం గుర్తు రాలేదు. అరచెయ్యి దురద పెట్టింది. ఇప్పుడు కాదు, ఇంతమందిలో కాదు, అని చేతిని బతిమాలాడు. ఉద్యోగం గుర్తుకొచ్చింది. తిరగేసిన జేబు గుర్తుకొచ్చింది.

అతను వంగి, కాలిదగ్గరున్న పీకను ఏరి, రోజూలాగే కోటు జేబులో వేసుకున్నాడు.