ముళ్ళున్న తెల్ల గులాబీలు

"ముళ్ళున్న పూలు పోయినవాళ్ళ ముందు పెడతారా ఎక్కడైనా?" అన్నారు పక్కింటి ఇసోబే గారు, గడపలో చెప్పులు విప్పీ విప్పకముందే.

మినెకో వెనక్కి తిరిగి చూసింది. గోడకున్న చిన్న అర మీద భర్త ఫొటో ఉంది. దాని ముందు గ్లాసులో మూడు తెల్ల గులాబీలు, పక్కన పొగలు కక్కుతున్న టీ కప్పు. గులాబీ కాడలకు ముళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అవి ఆయనకి గుచ్చుకుంటాయమ్మా. అక్కడికి పోయాక కూడా మనిషిని ప్రశాంతంగా ఉండనివ్వవా?"

"టీ తాగుతారా పిన్నిగారూ?"

"తాగుతాను గానీ, మాట మార్చకు."

నిరుడు వసంతంలో మినెకో కనజావా ఊళ్ళోని ఈ సందులోకి అద్దెకొచ్చింది. సామాను పెద్దగా లేదు. గులాబీ కుండీలను మాత్రం కూలీల చేతికివ్వకుండా ఒక్కొక్కటిగా తనే మోసుకొచ్చింది. మోకాలెత్తు దాటని పొట్టి రకం. ఇంటి వెనక పెరడు అన్న పేరుకి రెండు చాపలంత జాగా ఉంది. ఆ మొక్కలకు అదే ఎక్కువ.

మర్నాడే ఇసోబే గారు ముల్లంగి ఊరగాయ గిన్నెతో వచ్చి, ఇల్లంతా ఒక్క చూపులో చుట్టేశారు. ఒంటరి ఆడమనిషి, మగమనిషి ఫొటో, ఫొటో ముందు తెల్ల పూలు. ఇంక అడగాల్సిందేముంది? ఆవిడ చేతులు జోడించి, కళ్ళు ఒత్తుకున్నారు.

"మరి పూజకి ఆయన పేరు రాసి పెట్టే చెక్క పలక ఏదీ? మీ అత్తగారింట్లో ఉంటుంది కాబోలు," అని జవాబు కూడా తనే చెప్పుకున్నారు. "తెల్ల గులాబీలంటే ఇష్టమా ఆయనకి?"

"మొక్కలు ఆయన తెచ్చినవే."

ఆ సాయంత్రం ఆవిడ మంచి అగరొత్తుల పెట్టె తెచ్చిచ్చారు. పొగ పడదంటూ మినెకో దాన్ని సొరుగులో పెట్టేసింది.

మినెకోకు ఏడుపు రాదు. నవ్వు కూడా రాదు. పొద్దున్నే లేచి పచ్చబడ్డ ఆకులు ఏరుతుంది, వాడిన పూలు తుంచుతుంది, వానలు ముదిరితే కుండీలను చూరు కిందికి జరుపుతుంది. టీ కలిపి ఫొటో ముందు పెడుతుంది. బట్టలు సరిచేసే కొట్టులో పనికి వెళ్ళి, సాయంత్రం తిరిగొస్తుంది. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, అంతే. గులాబీ ముల్లు వేలికి దిగినప్పుడు మాత్రం కాస్త నొప్పి తెలుస్తుంది. అది కొంత నయమనిపిస్తుంది.

ఇసోబే గారు భోజనానికి వచ్చిన రోజు రెండు గిన్నెలు కడగాలి. రెండు గిన్నెలు కడగడం మినెకోకు ఇష్టం. ఈ ఊళ్ళో ఆమెకున్న మనిషి ఆవిడొక్కరే.

శరదృతువు వచ్చి గులాబీలు మళ్ళీ మొగ్గ తొడిగాయి. ఇసోబే గారు ఈసారి గట్టిగా పట్టుకున్నారు.

"ఎల్లుండి గుడి నుంచి భిక్షువు గారు మా ఇంటికొస్తున్నారు. అట్నుంచి అటే నీ దగ్గరికి తీసుకొస్తా. మీ ఆయన పేరున నాలుగు సూత్రాలు చదువుతారు. ఆ ముళ్ళు మాత్రం తీసెయ్, నా పరువు పోతుంది."

"వద్దు పిన్నిగారూ."

"ఏం వద్దు? ముళ్ళు తీయడమా, భిక్షువు గారా?"

"రెండూ."

ఇసోబే గారి మొహం మాడిపోయింది. "మొగుడి మీద కోపముంటే ఉండొచ్చు. మా ఆయన మీద నాకు నలభై ఏళ్ళ కోపముంది. అయినా ఆయనకి చక్కగా చామంతులు పెడుతున్నాను గానీ, ముళ్ళు పెట్టానా?"

"కోపం లేదండీ."

"అయితే తీసెయ్. తీయనంటావా, ఇంక నీ గడప తొక్కను."

మినెకో గడపలో ఉన్న ఆవిడ చెప్పుల వైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు, అవి అక్కడే ఉంటాయి.

ఇసోబే గారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మినెకో రోజూ ఒక్క గిన్నే కడిగింది. సందులో ఎదురుపడితే ఇసోబే గారు కరెంటు తీగలను లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ పోయేవారు. రాత్రి గోడ అవతలి నుంచి ఆవిడ దగ్గు వినిపించేది. మినెకోకు బాధేసింది. చాలాకాలానికి వేసిన బాధ. అయినా ముళ్ళ మీద చెయ్యి వేయలేదు.

ఒకరోజు పొద్దున వాన వెలిసింది. మినెకో పనిలోకి వెళ్ళలేదు. పెరట్లో పీట వేసుకుని కూర్చుని, విచ్చిన పూలన్నీ కాడలతో కోసింది. ఒక్కో ముల్లునీ బొటనవేలితో పక్కకి నొక్కి విరిచింది. ఒక్కటి కూడా వదల్లేదు. కాడ నున్నగా అయిందో లేదో అరచేత్తో నిమిరి చూసుకుంది.

గోడ మీదుగా ఇసోబే గారి తల కనిపించింది. కాసేపటికి వీధి తలుపు జరిగిన చప్పుడు, గడపలో చెప్పులు విప్పిన చప్పుడు.

ఆవిడ ఫొటో ముందున్న గ్లాసు చూశారు. కాడలు తడిమారు. మొహం విప్పారింది.

"మొండిఘటానివి. ఎన్నాళ్ళు మొత్తుకున్నా చెవికెక్కించుకోనిదానివి, ఇవాళేం బుద్ధి పుట్టిందమ్మా?"

మినెకో ముళ్ళన్నీ పాత కాగితంలో పోసి పొట్లం కట్టింది.

"ఇన్నాళ్ళూ తీయాల్సిన పని పడలేదు పిన్నిగారూ."

ఇంకో ఆవిడతో వెళ్ళిపోయి ఒసాకాలో కాపురముంటున్న మినెకో భర్త చనిపోయాడని ఫోన్ వచ్చింది ఆ ఉదయమే.